బొటనవ్రేలంత బంట్లు

దసరా పండుగ సమీపించినదనగా మా ప్రాంతపు ఇండ్లలో అటకమీది పెట్టెలు క్రిందికి దిగును. పాతచీరల పేలికలలో చుట్టి దాచిన బొమ్మలు ఒక్కొక్కటిగా వెలుగు చూచును. మెట్లు కట్టి, తెల్లని వస్త్రము పరచి, పైమెట్ల మీద దేవతలను, నడిమి మెట్ల మీద మనుష్యులను, క్రింది మెట్ల మీద పశుపక్ష్యాదులను నిలుపుదురు. ఈ ముచ్చట శ్రోతలకు క్రొత్త కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము – ఈ మూడూళ్లకు చెందిన మేము నలుగురము మిత్రులము కొన్నియేండ్లుగా వేరొక కొలువును కూర్చుచున్నాము. దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పుటయే నేటి మా ప్రసంగమునకు ఉద్దేశము.

మా కొలువులోని బొమ్మ ఒక్కొక్కటి బొటనవ్రేలి పైకణుపంత ఉండును. లెక్కకు ఇరువదియెనిమిది మిల్లీమీటర్లు. అయిదడుగుల ఆరంగుళముల మనిషిని అరువదవ వంతునకు కుదించినచో ఇంచుమించు అంతే అగును. ఈ బొమ్మలు చూచుటకు మాత్రమే కాదు, ఆడుటకు గూడ. భోజనపుబల్లపై కొండలు, వాగులు, పల్లెలు అమర్చి, రెండు పక్షములుగా బొమ్మలను నిలిపి, కొలబద్దతో దూరము కొలిచి, పాచికలు వేసి, జరిగిపోయిన యుద్ధమును తిరిగి ఆడుట అనునది లోకమున చాలకాలముగ నున్న వినోదము. జర్మనుల ప్రష్యా రాజ్యమున రైస్విట్స్ అను సైనికాధికారి 1824లో ఇట్టి ఆటకు నియమములు ప్రకటింపగా, అది అచటి సైన్యమునకు పాఠ్యమైనది. ఇంగ్లండున ప్రఖ్యాత రచయిత హెచ్. జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అను చిన్న పుస్తకము వ్రాసి, దానిని ఇంటింటి వేడుకగ చేసెను.

మనకు మాత్రము ఇట్టి ఆట లేదా? గుడి మండపముల బండల మీద చెక్కిన పులిజూదపు గీతలను చూడనివారెవరు? మూడు పులులు, పదునైదు మేకలు. పులి మేకను దాటి చంపును. మేకకు చంపు శక్తి లేదు. అయినను మేకలన్నియు ఒకదాని నొకటి కాచుకొని నిలిచినచో పులికి అడుగుపెట్ట చోటు దొరకదు. అప్పుడు మేకలదే గెలుపు. బలము సమానము కాని ఇరుపక్షముల పోరును ఇంత సులువుగా చూపిన ఆట మరియొకటి మాకు తెలియదు. మేము కూర్చుచున్న సైన్యము గూడ మేకల పక్షమే. వారు 1804, 1805 సంవత్సరములలో ఈస్టిండియా కుంఫిణీపై తిరుగబడిన చిత్తూరు పాలెగాండ్ర బంట్లు.

చరిత్ర కొంత జ్ఞాపకము చేసికొందము. 1800వ సంవత్సరము అక్టోబరులో నైజాముతో జరిగిన సంధి వలన కడప, బళ్ళారి మొదలగు సీమలు కుంఫిణీ వశమయినవి. అప్పుడు మదనపల్లె ప్రాంతము ఆ దత్తమండలములలోనిది. ఆ మండలములకు థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు ప్రధాన కలెక్టరు. మరుసటి యేడు, అనగా 1801లో, ఆర్కాటు నవాబు రాజ్యము గూడ కుంఫిణీ చేతికి వచ్చెను. దానితోపాటు చిత్తూరు పాలెములు – బంగారుపాళెము, నరగంటి, కల్లూరు, పులిచెర్ల మొదలగునవి – క్రొత్త దొరతనము క్రిందికి వచ్చినవి. అంతవరకు పాలెగాడు నవాబునకు కప్పము కట్టి, తన అడవినీ, కొండదారినీ, తన బంట్లనూ తానే ఏలుకొనెడివాడు. క్రొత్త దొరలు కప్పము పెంచగోరిరి, ఆయుధములు దింపుమనిరి. 1804లో పాలెములు తిరుగబడెను. మరుసటి యేటికి ఆ తిరుగుబాటు అణగిపోయెను. పుంగనూరు, కుప్పమునకు చేరువనున్న కంగుంది మాత్రము జమీందారీలుగ చిరకాలము నిలిచి, 1948 నాటి మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టము వచ్చిన పిమ్మట అంతరించినవి.

ఈ కథను వెదకబోవువారికి ఒక చిక్కు కలదు. నేడు మేము ఒక పూటలో చుట్టివచ్చు మూడూళ్ల సంగతులు రెండు వేరువేరు గ్రంథములలో నున్నవి. మదనపల్లె కడప జిల్లాలోనిది కనుక 1875లో గ్రిబుల్ దొర వ్రాసిన కడప మాన్యువలులో చూడవలెను. పుంగనూరు, కంగుంది ఉత్తరార్కాటులోనివి కనుక 1881లో కాక్స్ దొర వ్రాసిన మాన్యువలులో చూడవలెను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు గదా ఈ మూడూళ్లు ఒక్క గొడుగు క్రిందికి వచ్చినది! రెండు గ్రంథములును దొరల వ్రాతలే. పాలెగాని పేరు వానిలో దొరకును. పాలెగాని వెంట నడచిన బంటు పేరు దొరకదు.

ఆ పేరులేని వానిని బొమ్మగ చేయదలచితిమి. అంగడిలో పాలెగాని బంటు దొరకడు. నెపోలియను సైనికులు దొరకుదురు, రోమనులు దొరకుదురు, ఎఱ్ఱకోటు సిపాయిలు దొరకుదురు. కాబట్టి దొరికిన బొమ్మను కోసి, అతికి, మార్చుకొనవలెను. ఈ పని యెట్లు జరుగునో వివరింతుము.

ముందుగ ప్లాస్టికు బొమ్మలను సబ్బునీటిలో కడుగుదుము. అచ్చునుండి ఊడివచ్చుటకై పూసిన జిడ్డు వానిపై నుండును. అది పోనిదే రంగు నిలువదు. తరువాత సన్నని బ్లేడుతో టోపీని, కోటు అంచులను, బూట్లను చెక్కివేయుదుము. తల మార్చవలసినచో మెడ దగ్గర కోసి, రెండువైపుల సన్నని బెజ్జము వేసి, నడుమ ఇత్తడి తీగ ముక్క దూర్చి అతుకుదుము. జిగురు ఒక్కటే నిలుపును గదా అని తీగ మానినవారు ఆట నడుమ తలలు ఏరుకొనవలసి వచ్చును. మేమును ఏరుకొంటిమి.

తలపాగకు ఎం-సీల్ ముద్ద శ్రేష్ఠము. రెండు ముద్దలను సమపాళ్లలో పిసికి, దారమువలె సాగదీసి, మెలివేసి, తలచుట్టు త్రిప్పవలెను. వ్రేలిని తడిచేసికొననిచో ముద్ద బొమ్మను వదలి వ్రేలికే అంటుకొనును. అది గట్టిపడక మునుపే సూదిమొనతో మడతలు గీయవలెను. పంచెకు పలుచని కాగితమును జిగురునీటిలో నానవేసి, నడుమునకు చుట్టి, కాళ్ల నడుమనుండి వెనుకకు దోపుదుము. ఎనిమిదడుగుల ఈటె మా కొలతలో నలుబది మిల్లీమీటర్లు. దానికి కొబ్బరిచీపురు పుల్ల చాలును. జామగిరి తుపాకికి ఇనుపతీగయు, దానికి చుట్టిన జామగిరి త్రాటికి ఒంటిపోగు నూలును ఉపయోగింతుము.

మా మొదటి బంటును చేసి ముగించి, బల్లపై నిలిపి, నలుగురము చుట్టు కూర్చుండి చూచితిమి. వానికి పెద్ద మీసములు, జరీ నడికట్టు, చెవులకు కుండలములు, ఎత్తిన ఖడ్గము. మాలో కుప్పము మిత్రుడు మాటలాడక కొంతసేపు చూచి, “ఇతడు తెరమీది కథానాయకుడు గాని కట్టుబడి బంట్రోతు కాడు” అనెను. మాకు కోపము వచ్చినమాట నిజమే. కాని అతడన్నది నిజము. కట్టుబడి బంట్రోతనగా నెవరు? రొక్కపు జీతమునకు మారుగా కొంచెము మాన్యపుభూమి పొంది, ఆ భూమిని దున్నుకొనుచు, పిలిచినప్పుడు ఈటె పట్టుకొని పోవువాడు. 1846లో కోవెలకుంట్ల సీమలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడచిన వారిలోను, మాన్యములు పోగొట్టుకొన్న కట్టుబడివారు ఎందరో కలరు. అట్టివానికి జరీ ఎక్కడిది? వాని పంచె మోకాలికి పైన, వాని రంగు చెరువునీట ఉతికిన ముతక నూలురంగు. మొదటి బొమ్మ తల కోసి, రెండవమారు చేసితిమి. ఈసారి కత్తి ఎత్తలేదు. ఈటెపై చేయి ఆనించి, దారివంక చూచుచు నిలుచున్నాడు. కావలికాయువాడు చాలవరకు చేయు పని అదియే గదా!

ఇక రంగులు. రంగు వేయుటకు మునుపు బొమ్మకు పలుచని జిగురుపూత ఒకటి పూసి ఆరనీయవలెను. మెత్తని ప్లాస్టికుపై రంగు పెచ్చులూడకుండుటకు ఇది ఉపాయము. పిమ్మట ముదురు అడుగురంగు వేసి, దానిపై అసలు రంగులు వేసి, చివర గోధుమరంగును నీళ్లవలె పలుచన చేసి పూసినచో, అది మడతలలోనికి దిగి నీడయై నిలుచును.

బంట్ల మేనికి ఒక రంగు కలిపితిమి. సిపాయిల వంతు వచ్చినప్పుడు వేరొక రంగు కలుపబోయి ఆగితిమి. ఎఱ్ఱకోటులో నున్నది ఎవరు? మద్రాసు పటాలములలో తెలుగువారు అనేకులుండిరి. అనగా బల్లకు అటువైపున నిలిచినవాడును మన భాషయే మాటలాడి యుండవచ్చును. కాబట్టి ఒకే గిన్నెలోని రంగును ఇరుపక్షముల ముఖములకును పూసితిమి. ఆ గిన్నె రంగు పూయుచున్నప్పుడు మాలో ఎవరును మాటలాడలేదు.

సిపాయి ముఖమునకు సంబంధించిన మరియొక సూక్ష్మము కలదు. 1805 చివర మద్రాసు సైన్యమునకు క్రొత్త ఉత్తరువులు వచ్చెను. నొసట బొట్టు, నామము ఉండరాదు, గడ్డము గొరిగించవలెను, క్రొత్తరకపు తలపాగ ధరింపవలెను. ఆ అసంతృప్తియే 1806 జూలై 10న వేలూరి కోటలో సిపాయిల తిరుగుబాటుగ పేలెను. మా యుద్ధము అంతకు మునుపటిది. కాబట్టి మా సిపాయిల నొసట నామములు, విభూతిరేఖలు ఉండవచ్చును, ఉండవలెను గూడ. మూడు వెంట్రుకల కుంచెతో ఆ గీతలను దిద్దితిమి. నేడు పాలెగానిని అణచుటకు వచ్చిన ఈ సిపాయి ఒకటి రెండేండ్లలో తానే తిరుగబడనున్నాడని ఆ నొసటిగీత మాకు గుర్తుచేయుచుండును.

బొమ్మ ముగిసిన తరువాత దానికి నేల కావలెను. నేల లేనిదే మనిషి ఏ ఊరివాడో తెలియదు. ఈ పనిలో మూడూళ్లును పాలుపంచుకొన్నవి. ఆధారమునకు ఇనుప వాషరును గాని, పలుచని చెక్కబిళ్ళను గాని తీసికొందుము. వాషరు బరువు వలన బొమ్మ పడిపోదు. దానిపై జిగురు పూసి, మదనపల్లె ఎఱ్ఱమట్టిని వస్త్రగాళితము పట్టి చల్లుదుము. మొదట మేము మట్టిని పెరటినుండి తెచ్చినట్లే చల్లితిమి. వానకాలమున పెట్టె తెరచి చూడగా ఆరుగురు బంట్ల పాదములకు తెల్లని బూజు పట్టియున్నది. నాటినుండి మట్టిని పెనముమీద బాగుగ వేయించి, చల్లార్చి, ఆ పిమ్మటనే వాడుచున్నాము. కుప్పము గ్రానైటుకు పేరుపొందిన చోటు. రాళ్లు కోయుచోట రాలిన చిన్నపలుకులను తెచ్చి, రెండు మూడు పేర్చినచో మన గుట్టల మీది గుండ్లవలెనే యుండును. పుంగనూరు దారిలోని ఎండుగడ్డి పీచును, కొబ్బరిపీచును కత్తిరించి రాళ్ల నడుమ నాటుదుము. చివర పలుచని జిగురునీటిని చుక్కలుగ వేసి, అంతయు కదలకుండ చేసి, ఎత్తుపలుకుల మీద మాత్రము ఎండిన కుంచెతో లేతరంగు తాకింతుము.

సిపాయిలను నలుగురేసి చొప్పున దీర్ఘచతురస్రపు చెక్కమీద వరుసగ నిలుపుదుము. వారి బలము వరుసలో నున్నది. బంట్లను ఇద్దరు ముగ్గురుగ, వరుస లేకుండ, గుండ్రని బిళ్ళలపై రాళ్ల చాటున నిలుపుదుము. వారి బలము ఆ రాళ్లలో నున్నది. ఆధారమును చూచినంతనే పోరు తీరు తెలియవలెనన్నది మా నియమము.

పుంగనూరు మిత్రుడు తన ఊరి ఆవు లేనిదే పల్లె పల్లె కాదని పట్టుబట్టెను. పుంగనూరు ఆవు ప్రపంచపు పొట్టి పశుజాతులలో నొకటి. దాని ఎత్తు డెబ్బది మొదలు తొంబది సెంటీమీటర్లు. బరువు నూటపదునైదు మొదలు రెండువందల కిలోలు. ఈ జాతి క్షీణించిపోగా, పలమనేరులోని పశుపరిశోధన కేంద్రమున దానిని కాపాడుచు వచ్చిరి. మా కొలతలో ఆ ఆవు పదునాలుగు మిల్లీమీటర్లు. అంగడిలో దొరకు ఆవుబొమ్మ దానికి రెండింతలున్నది. చివరకు ఒక దూడబొమ్మ కాళ్లు కత్తిరించి పొట్టిచేసి, తోకను నేల తాకునట్లు పొడిగించి, చిన్న కొమ్ములతికి సరిపెట్టితిమి. చూచిన పిల్లలెల్ల ముందుగ దానినే చేతికెత్తుకొందురు. బంట్ల వంతు ఆ తరువాతనే.

ఇంతవరకు చెప్పినది చేతిపని. ఆట మొదలైన తరువాత వచ్చిన చిక్కు వేరు. మొదటి ఆటలలో సిపాయిలే గెలిచిరి. చరిత్రయు అట్లే జరిగినది. బంట్ల పక్షమున కూర్చున్నవానికి ఆడుటకు ఏమి మిగిలెను? పులిజూదము అచట మాకు దారి చూపినది. మేక పులిని చంపి గెలువదు, దారి లేకుండ చేసి గెలుచును. అందుచేత చంపిన లెక్కను బట్టి గెలుపు ఎంచుట మానితిమి. పల్లెలోని ఆడువారిని, పిల్లలను, పశువులను అడవి అంచునకు చేర్చునంతవరకు కొండదారిని నిలుపగలిగినచో బంట్లదే గెలుపు. సిపాయిలకు దారి తెరచుకొనుటే గెలుపు. ఇప్పుడు ఇరువురికిని ఆటలో ఆశ యున్నది.

అంతలో మాలో పెద్దవాడైన మదనపల్లె మిత్రుడు మరియొక ప్రశ్న వేసెను. “పాలెగానిని కుంఫిణీ బాధించెను, సరే. పాలెగాడు రైతును బాధింపలేదా? అతని బంటు రైతు ఇంటి గాదెలో చేయి పెట్టలేదా?” మన్రో తన వ్రాతలలో పాలెగాండ్ర దౌర్జన్యములను ఏకరువు పెట్టెను. ఆయన ప్రతిపక్షమువాడు కనుక ఆ మాటలను అన్నిటిని నమ్మనక్కరలేదు. అయినను అన్నిటిని కొట్టివేయుటకును వీలులేదు. బొమ్మలు చేయువానికి ఒక అపాయమున్నది. తాను చేసినవానిపై మమకారము కలుగును, మమకారము కన్ను మూయును. ఆ రాత్రి మేమొక క్రొత్తబొమ్మను చేసితిమి. అతని చేతిలో ఆయుధము లేదు. ఖాళీ గంప ఉన్నది. అతడు ఏ పక్షమువాడును కాడు. పల్లె నడుమ నిలుచును. ఏ సైన్యము పల్లెలో రాత్రి దిగినను, ఆ గంపలో నుంచిన ఆవగింజలు ఒక్కొక్కటి తీసివేయవలెను. గింజలు నిండుకొన్నచో ఆ ఆట ఎవరును గెలువనట్లే. ఈ నియమము వచ్చినది మొదలు మా ఆట నెమ్మదించెను. పల్లె సమీపించునప్పుడు ఇరుపక్షములును ఆలోచించి అడుగువేయుచున్నవి.

గత దసరాకు మా మిత్రుని ఇంట బొమ్మలకొలువు జరిగినప్పుడు మా బంట్లను గూడ తీసికొనిపోయి, క్రింది మెట్టుమీద, ఆవులకు గుఱ్ఱములకు ప్రక్కన నొక మూల పెట్టితిమి. పసుపుకుంకుమలకు వచ్చిన ఎదురింటి అవ్వ కండ్లద్దములు సవరించుకొని, ఈటె పట్టిన బంటును చేతిలోనికి తీసికొని అడిగెను: “ఈయన ఎవురు నాయనా? పేరేంది?”

“పేరు తెలీదవ్వా. పాలెగాళ్ల కాలంలో కొండదారిలో కావలున్నోడు” అంటిమి.

“సచ్చిపోయినాడా?”

“తెలీదవ్వా.”

అవ్వ బొమ్మను అటునిటు త్రిప్పిచూచెను. వాని కాలిక్రింది ఎఱ్ఱమట్టిని వ్రేలితో తాకి, “ఇది మన మన్నే” అనెను. తరువాత, “మనిషిని తీసుకపోయి గొడ్ల పక్కన పెట్టినారేంరా? మనుషుల మెట్టుమీద పెట్టండి” అని, తానే వానిని పైమెట్టునకు చేర్చి, అంగడి ముందు కూర్చున్న శెట్టి దంపతుల ప్రక్కన నిలిపెను. సిపాయిలను గూడ అచటికే మార్చుమనెను. ఖాళీగంప రైతును మాత్రము శెట్టిగారి బియ్యపు కుప్పకు ఎదురుగ నిలిపెను. మేము చెప్పకయే ఆమెకు అది తోచినది.

శ్రోతలలో చేతిపని యందు ఆసక్తి గలవారు, ముఖ్యముగ విద్యార్థులు, తమతమ ఊళ్ల కథలను ఇట్లు బొమ్మలుగ చేసి చూడవచ్చును. ఖర్చు స్వల్పము, ఓర్పు మాత్రము అధికముగ కావలెను. ఒక బంటు ముగియుటకు మాకు మూడు సాయంకాలములు పట్టుచున్నది. ఆ మూడు సాయంకాలములలో, వాని తలపాగ ఎటు త్రిప్పవలెను, వాని పంచె ఏ రంగు, వాడు తిన్నదేమి, వానికి మాన్యమెంత అని వెదకవలసివచ్చును. పేరు దొరకకపోయినను మనిషి కొంత దొరకును. ఇప్పటికి మా కొలువులో నలువదిముగ్గురు బంట్లున్నారు. నలువదినాలుగవవాడు ఇంకను తల లేక, తలపాగ లేక, బల్లమీద ఎదురుచూచుచున్నాడు.